లారీకి ఎలక్ట్రిక్ ఫ్యాను బిగించే ముందు

సోదరులందరికీ నమస్కారం. రేడియేటర్‌ను చల్లబరచడానికి ఇంజిన్‌తో తిరిగే ఫ్యాను తీసేసి ఎలక్ట్రిక్ ఫ్యాను పెడితే డీజిల్ మిగులుతుందని మన గ్రూపులో చర్చ నడుస్తోంది. చిన్న ట్రక్కులకు అది చక్కగా పనికొస్తుంది. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నా ఫ్యాను పూర్తి వేగం అందుకుంటుంది. పెద్ద లారీల విషయంలో మాత్రం దయచేసి తొందరపడకండి.

లెక్క చూడండి. 24 వోల్టుల బండిలో ఫ్యానుకు 100 ఆంపియర్లు ఇచ్చినా దక్కేది 2.4 కిలోవాట్లు, అంటే మూడు హార్స్‌పవర్ పైచిలుకు. పెద్ద లారీ ఫ్యాను పూర్తి వేగంలో ఇంజిన్ నుంచి దానికి ఎన్నో రెట్ల శక్తి తీసుకుంటుంది. దాళ్వా ధాన్యం నిండా వేసుకుని ఎండలో రావులపాలెం దాటే బండికి ఆ గాలి కావాల్సిందే.

డీజిల్ మిగలాలంటే ముందు విస్కస్ క్లచ్, అంటే అవసరమైనప్పుడే ఇంజిన్ ఫ్యానును గట్టిగా తిప్పించే భాగం, బాగుందో లేదో చూసుకోండి. రేడియేటర్ నుంచి వచ్చే గాలి వేడెక్కితేనే క్లచ్‌లోని సిలికాన్ ద్రవం ఫ్యానును గట్టిగా పట్టిస్తుంది. లేదంటే ఫ్యాను జారుతూ తిరుగుతుంది, ఇంజిన్‌పై భారం తగ్గుతుంది. ఇంజిన్ ఆపి, చల్లారాక, తాళంచెవి జేబులో వేసుకుని రెక్కను చేత్తో తిప్పండి. కాస్త బరువుగా కదలాలి. ఒక్క తోపుకే గిరగిరా తిరిగినా, ఫ్యాను మధ్యనుండే హబ్బు మీద జిడ్డుకు దుమ్ము అంటుకుని నల్లటి చారలు కనిపించినా ద్రవం కారిపోయిందని అనుమానించాలి.

వరిగడ్డి నుసి రేడియేటర్ సందుల్లో చిక్కుకుంటే ఏ ఫ్యానూ కాపాడలేదు. కోతల కాలంలో తరచూ శుభ్రం చేయించండి. ఎలక్ట్రిక్ ఫ్యాను ఉన్నవారికి ఒక హెచ్చరిక: కొన్ని బండ్లలో ఇంజిన్ ఆగాక కూడా అది తిరగడం మొదలుపెడుతుంది. బ్యాటరీ తీగ విప్పకుండా చెయ్యి పెట్టకండి.