తల్లి పెట్టిన పేరే రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో మేరీ స్లెసర్ గురించి వేసిన వ్యాసం రెండుసార్లు చదివాను. స్కాట్లాండ్‌లో చిన్నతనంలోనే మిల్లు పనికి వెళ్లిన మనిషి, 1876లో క్రైస్తవ మిషనరీగా ఇప్పటి నైజీరియాలోని కలబార్‌కి చేరి, కవలలు పుడితే అరిష్టమని అడవిలో వదిలేసే రోజుల్లో ఆ పసికందుల్ని ఇంటికి తెచ్చుకుని, 1915లో కన్నుమూసేదాకా తన పిల్లల్లాగే సాకింది. ఇదంతా చక్కగా రాశారు. కానీ ఆమె ఒక్కతే దేవత, చుట్టూ ఉన్నవాళ్లంతా ఏమీ తెలియని అడవి మనుషులు అన్నట్టు చూపించారు, అది నాకు బాధ కలిగించింది.

1888లో లోపలి ప్రాంతమైన ఒకోయాంగ్ వెళ్లడానికి ఆమెకి పడవ ఇచ్చింది కలబార్ దగ్గరి క్రీక్ టౌన్ రాజే. ఒకోయాంగ్‌లో ఊరిపెద్ద ఎడెమ్ తోబుట్టువు 'మా ఎమే' అనే ఆవిడ ఉండేది. ఊళ్లో ఎవరి ప్రాణం మీదికైనా వస్తోందని తెలిస్తే మందు కావాలన్న వంకతో చిన్న సీసా పంపేదట, సీసా కనబడగానే స్లెసర్ లేచి పరుగెత్తేది. ఆవిడ లేకపోతే ఎంతమంది దక్కేవారు చెప్పండి. ఆవిడ పేరు మీ వ్యాసంలో ఒక్కచోట కూడా లేదు. స్లెసర్ అక్కడివాళ్ల ఎఫిక్ భాష నేర్చుకుని, వాళ్లతో వాళ్ల మాటలోనే మాట్లాడి, వాళ్లు తినేదే తింది. అందుకే 'మా' అని పిలిచారు. ఆ పిలుపు వినడానికి మన అమ్మలాగే ఉంటుంది.

నేనెందుకు ఇంత పట్టుకుని రాస్తున్నానంటే, పర్లాకిమిడిలో ఒక మిషన్ హాస్టల్లో చాలా ఏళ్లు వార్డెన్‌గా చేశాను. కొండ మీద నుంచి ఆరేళ్ల సవర పిల్లని తెచ్చి చేర్చారు. తండ్రి చెప్పిన పేరు మాకెవరికీ నోరు తిరగలేదు, రిజిస్టర్లో రోజీ అని రాసేశాం. రాసింది నేనే. మూడు వారాలు ఆ పిల్ల నోరు విప్పలేదు, కంచం ముందు కూర్చుని గోడకేసి చూసేది. చివరికి సంతల్లో తిరిగి సవర నేర్చుకున్న మా వంటావిడ పక్కన కూర్చుని ఏదో రెండు మాటలు అంటే అప్పుడు అన్నం ముట్టింది. పిల్ల బాగా చదివింది, కాదనను. రెండేళ్లకి తల్లి అనాసపళ్ల గంపతో గేటు దగ్గరికి వచ్చి పాత పేరుతో పిలిస్తే తిరిగి చూడలేదు, దగ్గరికి వెళ్లాక కూడా ఒడియాలో, తెలుగులో కలిపి జవాబు చెప్పింది. ఆ తల్లి గంప దించకుండా అలాగే నిలబడిపోయింది, నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

దక్షిణాఫ్రికాలో మండేలాకి తండ్రి పెట్టిన పేరు రోలిహ్లాహ్లా. మెథడిస్టు మిషన్ బడిలో మొదటిరోజే టీచరమ్మ నెల్సన్ అని పెట్టింది. మిషన్ బడులు తనకి చేసిన మేలు ఆయన చెప్పుకున్నాడు, ఆ పేరు ఎలా వచ్చిందో కూడా చెప్పాడు. మేలు చేసినవాళ్ల వల్ల కూడా ఇలా జరుగుతుంది. మా వల్లా జరిగింది.

మా ఊళ్లోనే గిడుగు రామమూర్తి పంతులు గారు ఏం చేశారో గుర్తు చేసుకోండి. చర్చికి సంబంధం లేని మనిషి. సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు, పిల్లలకి వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి. కలబార్‌లో మిషన్ వాళ్లు చేసిన మంచి పని, ఇక్కడ పంతులు గారు చేసిన పని ఒక్క దారిలోనే ఉన్నాయి. ఇంత దగ్గర్లో ఉండి కూడా మేం ఆ దారి పట్టలేదు.

గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో హాస్టళ్లు నడిపే మన సంఘాల వాళ్లకి, సర్కారు వాళ్లకి కూడా నాదొక మనవి. పిల్లల భాష వచ్చిన మనిషిని వంటకైనా సరే, వార్డెన్ పక్కనైనా సరే ఒకరిని పెట్టుకోండి. రిజిస్టర్ రాసేటప్పుడు తొందరపడకండి, పేరు నోరు తిరగకపోతే తల్లిని మళ్లీ పలకమని అడగండి, మూడోసారి కూడా అడగండి, ఏమీ అనుకోదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వార్డెన్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.