ఆదివారం సాఫ్ట్‌వేర్ ప్యాకేజింగ్ మీట్: మీ ప్యాచ్‌లు ఓసారి చూసుకుని రండి

అందరికీ నమస్కారం.

ఈ ఆదివారం ఉదయం 10కి, బెంజ్ సర్కిల్ దగ్గర ఎప్పుడూ కలిసే చోటే. బెజవాడ ఎండ సంగతి తెలుసుగా, లేటు చేయొద్దు.

విషయం: బగ్ కనిపిస్తే మన ప్యాకేజీలోనే ప్యాచ్ (కోడ్‌లో చిన్న సవరణ) వేసేయాలా, ఆ సాఫ్ట్‌వేర్ రాసే అసలు ప్రాజెక్టువాళ్లు సరిచేసేదాకా ఆగాలా?

నన్నడిగితే, సెక్యూరిటీ లోపమైనా, బిల్డ్ (కోడ్ నుంచి ప్యాకేజీ తయారవడం) ఆగిపోయినా వెంటనే వేసేయండి. వాళ్ల రిపోలో (కోడ్ దాచే చోట) ఆ సవరణ ఇప్పటికే కమిట్ అయి ఉంటే దాన్నే తెచ్చుకోండి, సొంత తెలివి వద్దు. కోడ్ ఎందుకలా రాశారో అర్థం కాకపోతే మాత్రం చెయ్యి పెట్టకండి. 2006లో డెబియన్ లైనక్స్ వాళ్లు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీకి వేసిన ప్యాచ్ గుర్తుందిగా? మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ టూల్ హెచ్చరికలు పోవాలని కాస్త కోడ్ తీసేస్తే, కీలకు కావాల్సిన ర్యాండమ్‌నెస్ దాదాపు పోయి, ఒక్కో రకం ఎన్‌క్రిప్షన్ కీకి 32 వేల పైచిలుకు అవకాశాలే మిగిలాయి. అది బయటపడేసరికి 2008 మే!

శుక్రవారం రాత్రికల్లా ఒక పని చేయండి: మీ ప్యాకేజీలో ప్రాజెక్టువాళ్లకు ఇంకా పంపని ప్యాచ్‌లు ఎన్నున్నాయో ఇక్కడ చెప్పండి. నా దాంట్లో మూడున్నాయి. అందులో ఒకటి ఎందుకు వేశానో నాకే గుర్తులేదు 😅

ల్యాప్‌టాప్‌తో పాటు ఛార్జర్ కూడా. వీలైతే ఎవరైనా ఎక్స్‌టెన్షన్ బాక్స్ తెండి, పోయినసారి ఒక్కదానికే ఆరుగురం కొట్టుకున్నాం.