నడుం కొలిచిన టేపు

బిడ్డా,

మొన్న దసరాకు వచ్చినప్పుడు నీ నడుంకు టేపు పెడితే నవ్వినవు. "అమ్మా, నేనేమన్న నీ అంగన్‌వాడి పిల్లగాన్నా" అన్నవు. 97 సెంటీమీటర్లు వచ్చింది. నువ్వు నవ్వుతనే ఉన్నవని అప్పుడేం అనలే. మనోళ్లల్ల మొగోళ్లకు నడుం 90 దాటొద్దంటరు, ఆడోళ్లకు 80. దాటితే షుగర్ రోగం వచ్చే భయం ఎక్కువ. (నాది 86. నువ్వు ఎట్లాగూ అడుగుతవు, ముందే చెప్తున్న.)

ఇరవై రెండేండ్ల సంది నా చేతిల ఒకటే టేపు. అది పిల్లల రెట్టకు చుట్టేది. 11.5 సెంటీమీటర్లకు తక్కువుంటే ఎర్ర రంగు కాడికి వస్తది, బిడ్డ మస్తు చిక్కిపోయిందన్నట్టు. ఆ ఎరుపుకు భయపడుకుంటనే నా నౌకరి నడిచింది. బక్కగున్నోళ్లను వెతుకుడు నేర్పిండ్రు. ఇంట్ల మీ నాయినకు పొట్ట పెరుగుతుంటే మనిషి నిండుగైండు అనుకున్న.

షుగర్‌తోని ఆయన కాలి వేలు తీసేసిన సంగతి నీకు ఎరుకే. ముల్లు గుచ్చుకునుడు, పుండు మానకపోవుడు, మొదటి డాక్టరు రెండు నెలలు కట్లు కట్టుకుంటనే ఉండి ఒక్కసారన్న రక్తం పరీక్ష రాయకపోవుడు, అన్నీ చూసినవు. నీకు తెల్వనిది ఒకటుంది. అంతకు రెండేండ్ల ముందు నుంచే ఆయన రాత్రి నాలుగు సార్లు ఒంటికి లేస్తుండె. మంచం కింద పెట్టిన చెంబెడు నీళ్లు తెల్లారేసరికి ఖాళీ. నేను చూసిన. సెప్టెంబరుల పోషణ మాసం అని తల్లులందరిని కూసోబెట్టి, పళ్లెం బొమ్మ చూపిచ్చి, సగం కూరగాయలు, పండ్లే ఉండాలె అని చెప్పిన. ఇంటికొచ్చి ఆయనకు గుట్టంత బువ్వ, మీద గరిటెడు పప్పు పెట్టిన. చేన్ల కష్టం చేసి వచ్చిండు, తినని తీ అనుకున్న. నిజానికి ఆ కష్టం తగ్గి ఎన్నేండ్లాయె. దున్నేది ట్రాక్టరు, నీళ్లు పారిచ్చేది మోటరు. పని తగ్గింది గని పళ్లెం తగ్గలే. దవఖానల మూడు నెలల షుగర్ (మూడు నెలల సరాసరి చెప్పే HbA1c రక్త పరీక్ష) చూస్తే 10.4 ఉండె, 6.5 వస్తేనే షుగర్ అంటరు.

బువ్వ మీద నాకేం కోపం లేదు. మీ నాయినమ్మ చిన్నగున్నప్పుడు వరిబువ్వ పండుగకే, మిగిలిన దినాలు జొన్న గట్కనో తైద అంబలో. 1983ల రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినంకనే మన పొయ్యి మీద దినాం అన్నం ఉడికింది. ఆకలి తెల్సినోళ్లకు అదెంత పెద్ద సంగతో! కని బియ్యం వచ్చినట్టు పప్పు, కూర రాలే. కందులు, జొన్నలు ఏసిన చేన్లల్ల పత్తి వచ్చింది. ఒడ్డు మీద మొలిచిన గంగవాయిల కూరను మందు కొట్టి సంపుతున్నం, మళ్ల సంతకు పోయి పైసలు పెట్టి కొంటున్నం.

అట్లని జొన్నరొట్టె తింటె అన్ని రోగాలు పోతయనేటోళ్ల మాట నమ్మకు. హైదరాబాదు తార్నాకల జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, అక్కడ గోపాలన్ గారని పెద్ద శాస్త్రవేత్త ఉండె. పప్పు, పాలు లేకుంట ఒట్టి జొన్నల మీదనే బతికే పేదోళ్లకు మెడ చుట్టు, చేతుల మీద తోలు కాలినట్టు నల్లగయ్యే పెల్లాగ్రా రోగం ఎందుకొస్తుందో ఆయన పరిశోధన చేసిండు. గింజ ఏదైనా సరే, పక్కన పప్పు, ఆకుకూర ఉంటెనే అది తిండి.

ఇగ నీ సంగతి. హైదరాబాదుల నువ్వు తినే అశోక్‌నగర్ మెస్సుల అన్నం ఎంతన్న పెడ్తరు, కూర మల్లొకసారి అడిగితే మొఖం దిక్కు చూస్తరు. చూడనియ్, అడుగు. పైసలు కట్టినోనివి నువ్వు. అన్నం ఒక్కసారే పెట్టిచ్చుకో, పప్పు రెండు సార్లు. ముందుగాల కూర, పప్పు నాలుగు బుక్కలు తిని తర్వాత అన్నం కలుపుకుంటే షుగర్ ఒక్కసారే పైకి ఎక్కదు. తిన్నంక కుర్చీల కూలబడకు, చిక్కడపల్లి లైబ్రరీ దాక నడుసుకుంట పో. కాళ్లు ఆడుతుంటే రక్తంల చక్కెరను ఆ కండలు గుంజుకుంటయి.

చాయలు రోజుకు ఆరు అన్నవు. చాయకు రెండు చెంచాల చక్కెరంటే 10 గ్రాములు, ఆరింటికి 60. మీ నాయినకు నేను దాచిపెట్టే చక్కెరంత నువ్వే తాగుతున్నవు. రెండు చాయలకు దించు. రాత్రి పదకొండుకు బిర్యాని పార్సిల్ గురించి నేను అడగను, నువ్వు అబద్ధం చెప్పకు.

నీకు 26. మీ నాయినకు 47ల బయటపడ్డది, లోపల మొదలైంది ఎప్పుడో. ఆయన కొడుకువు కాబట్టి నీకు షుగర్ వచ్చే భయం ఎక్కువ. దీపావళికి వచ్చినప్పుడు మూడు నెలల షుగర్ పరీక్షకు రక్తం ఇయ్యాలె. దానికి పరిగడుపున ఉండే పని లేదు, ఆ సాకు పెట్టకు. 6.5, ఆ పైన వస్తే షుగర్. 5.7 నుంచి 6.4 దాక ఉంటే గట్టు మీద ఉన్నట్టు, తిండితోని, నడకతోని చానమందిని ఎనకకు గుంజుకురావచ్చు.

పొద్దుగాల బస్సుకు సంచి పంపుతున్న. నువ్వులు అద్దిన సద్దరొట్టెలు పది, ఏంపిన పల్లీలు కిలో, పుంటికూర తొక్కు. తొక్కుల ఉప్పు తక్కువేసిన, తొందరగ తిను, నిలువ ఉండదు. సీతాఫలాలు ఆరు పెట్టిన. మీ నాయిన సంచి విప్పి ఇంకో రెండు ఏసిండు, ఒకటి తీసి జేబుల ఏసుకున్నడు. డాక్టరు సగం పండే తినమన్నడు. మిగిలిన సగం నాకు తెచ్చిస్తడో లేదో చూడాలె.

అమ్మ