పోటీ ధరలో ఉండాలి, మిల్లులో కాదు

సంపాదకులకు,

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో సేంద్రియ ధాన్యం, శనగలు కొనే కంపెనీలు ఎవరి బండి వారిదే, ఎవరి మిల్లు వారిదే అన్నట్టున్నాయి. కల్లం దగ్గర ఇద్దరు ముగ్గురు బేరగాళ్లుంటే రైతుకు మేలే. కల్లం దాటాక కూడా అదే పోటీ అయితే సరుకు చెడుతుంది.

మామూలు ధాన్యం ఆడిన మిల్లులో ఎలివేటర్ అడుగునా, పాలిషర్‌లోనూ గింజలు, తవుడు మిగులుతాయి. వాటిని ఊడ్చి, సేంద్రియ ధాన్యమే కొన్ని బస్తాలు ముందు ఆడించి, ఆ బియ్యాన్ని మామూలు బియ్యంగా వదులుకోవాలి. రెండు పుట్లు తెచ్చినా ఇరవై పుట్లు తెచ్చినా (నెల్లూరు పుట్టి 850 కిలోలే లెండి) పోయేవి అవే బస్తాలు. అందుకే చిన్న కంపెనీలు ఈ పని ఎగ్గొట్టాలని చూస్తాయి. ఫలానా రోజు మిల్లు మాదేనని అందరూ కలిసి మాట్లాడుకుంటే ఆ నష్టం తలా కాస్త పడుతుంది.

శనగలకు పుచ్చు బెడద. సేంద్రియ సరుకుకు పురుగుల్ని చంపే విషవాయు గుళికల పొగ పెట్టకూడదు. పక్క బస్తాల నెట్టుకు పెట్టినా గ్యాస్ అక్కడే ఆగదు. తేమ పది శాతం లోపుకు ఎండబెట్టి కోల్డ్ స్టోరేజీకి పంపడం ఒక దారి. రెండొందల బస్తాలకు విడి గది ఎవరిస్తారు? కలిసి నింపితే ఇస్తారు.

పురుగుమందుల అవశేషాల పరీక్షకు ఉమ్మడి నమూనా పంపొచ్చు. అయితే ప్రతి రైతు సరుకు నుంచి అరకిలో సీలు వేసి విడిగా దాచాలి. లేకపోతే ఒకరి పురుగుమందు అంటిన గోతాం, పక్క చేను నుంచి గాలికి కొట్టుకొచ్చిన మందు వల్ల లారీ మొత్తం తిరిగొస్తుంది, తప్పు ఎక్కడో తేలదు.

ఇవన్నీ కంపెనీలకు తెలియనివి కావు. వాటిని కలవకుండా ఆపేది సర్టిఫికెట్. జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం కింద 25 నుంచి 500 మంది రైతుల బృందానికి ఒకే సర్టిఫికెట్. దాని ఖర్చు కంపెనీ పెట్టి, కాగితం తన చేతిలో ఉంచుకుంటే, ఆ రైతు పక్క కంపెనీకి సేంద్రియమని అమ్ముకోలేడు. రైతులే ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకునే పీజీఎస్ పద్ధతిలో కాగితం రైతులదే కానీ, దానితో విదేశాలకు సేంద్రియ సరుకుగా పంపలేరు.

సర్టిఫికెట్ రైతు సంఘం చేతిలో ఉండాలి. ఆ ఖర్చు కొన్నవారే క్వింటాలుకు ఇంతని సంఘానికి కడితే, ముందు డబ్బు పెట్టిన కంపెనీకి అందులోంచే తిరిగి చెల్లించవచ్చు. ధర మాత్రం ఎవరికి వారే చెప్పాలి. అక్కడా చేతులు కలిపితే ఈ సహకారం మాకొద్దు.

– సేంద్రియ సాగు రైతులు, కందుకూరు ప్రాంతం