ఎనిమిదో తరగతి ఇంగ్లీషు గురించి వాణికి

పద్మారావునగర్, హైదరాబాద్
శ్రావణ శుక్రవారం

చిరంజీవి వాణికి అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నాన్నగారి బీపీ అదుపులోనే ఉంది. లష్కర్ బోనాలకు నువ్వు వస్తావని సత్యం మామయ్య వాళ్లను కూడా భోజనానికి పిలిచాను. బడిలో పని ఉందని నువ్వు పంపిన ఒక్క వాక్యం మెసేజీ తర్వాత ఇంతవరకు నీ నుంచి మాట లేదు. పని ఉంటుంది, కాదనను. జూన్‌లో నువ్వు పంపిన ఎనిమిదో తరగతి ఇంగ్లీషు వార్షిక ప్రణాళికను ఇప్పటికి తీరిగ్గా చదవగలిగాను కనుక దాని గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను.

ప్రణాళిక చూడటానికి ముచ్చటగా ఉంది. వినడం, మాట్లాడటం, చదివి అర్థం చేసుకోవడం, పదజాలం, వ్యాకరణం, సృజనాత్మక వ్యక్తీకరణ అంటూ విద్యా ప్రమాణాలన్నింటినీ గడుల్లో సర్ది, యూనిట్ల వారీగా పీరియడ్లు పంచావు. 2017లో ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లు వేసిన అభ్యసన ఫలితాల పుస్తకాన్ని శ్రద్ధగా చదివావని తెలుస్తూనే ఉంది. అయితే అంతా చదివిన తర్వాత, వచ్చే మార్చి నాటికి నీ తరగతిలో చివరి బెంచీ పిల్లవాడు ఏం చేయగలుగుతాడో నాకు బోధపడలేదు. 'అర్థం చేసుకుంటారు', 'ఆస్వాదిస్తారు' అన్నవి మనం కళ్లతో చూసి ఔనో కాదో చెప్పగలిగే పనులు కావు. లక్ష్యమంటే సాయంత్రం బడి వదిలాక, ఈ రోజు ఎంతమంది ఆ పని చేశారో నువ్వు లెక్కపెట్టుకోగలిగేది.

చిట్టి అత్తయ్య మొన్న వచ్చినప్పుడు ఏదో అన్నది. నువ్వు అమీర్‌పేటలో ఏవో కంప్యూటర్ కోర్సుల ఫీజులు కనుక్కున్నావట. ఆవిడ మాటలు నేనెప్పుడూ పూర్తిగా నమ్మను కనుక అది అలా ఉండనీ.

లక్ష్యాలు రాసే ముందు నీ ఎదుట కూర్చున్న పిల్లలు ఎక్కడి నుంచి నడిచి వచ్చారో ఆలోచించు. 2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు వాళ్లు రెండో తరగతి. మూడో తరగతి పాఠాలను ఇంట్లో టీవీ ఉన్నవాళ్లు దూరదర్శన్ యాదగిరిలోనో టీశాట్‌లోనో చూశారు, లేనివాళ్లు అదీ చూడలేదు. 2022లో ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం మొదలైనప్పుడు వాళ్లు ఐదుకు వచ్చారు. అక్షరాలు కుదురుకోవలసిన వయసులో ఇంట్లో ఉండిపోయిన పిల్లలు ఒక్కసారిగా లెక్కలు, సైన్సు ఇంగ్లీషులో చదవవలసి వచ్చింది. ఆ పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉంటాయి కనుక కళ్లు తెలుగు పేజీ మీదికే పోతాయి. నీ ఇంగ్లీషు వాచకంలో ఆ ఆసరా లేదు. పైగా చుట్టుపక్కల ప్రాథమికోన్నత పాఠశాలల్లో ఏడో తరగతి పూర్తిచేసి వచ్చిన వాళ్లకు ఇది హైస్కూల్లో మొదటి సంవత్సరం, నీ గొంతు కూడా వాళ్లకు కొత్తే. అటువంటి తరగతిలో ఎఫ్ఏ-1లో, అంటే ఏడాదిలో మొదటి నిర్మాణాత్మక మూల్యాంకనంలో, మార్కులు తక్కువ వస్తే అది నీకు పాఠం చెప్పడం రాకపోవడం ఎలా అవుతుంది? దాని 20 మార్కుల్లో స్లిప్ టెస్టుకు, అంటే ఆ చిన్న రాతపరీక్షకు, ఉన్నవి 5. ఆ 5 మార్కులను చూసి ఎవరూ ఉద్యోగం గురించి నిర్ణయాలు తీసుకోరు, తీసుకోకూడదు.

నేను సికింద్రాబాద్‌లో పనిచేసిన రోజుల్లో ఇదే ఎనిమిదో తరగతికి ఒక యూనిట్ టెస్టులో ప్రియమిత్రుడి గురించి వ్యాసం ఇచ్చాను. దిద్దడానికి కూర్చుంటే మొదటి పేపరులో మిత్రుడి పేరు రాము, వాళ్ల నాన్న డాక్టరు. రెండో పేపరులోనూ రాము, వాళ్ల నాన్న డాక్టరు. కట్ట సగానికి వచ్చేసరికి ఆడపిల్లలందరికీ కూడా రాముయే మిత్రుడని తేలింది. తప్పులు మాత్రం ఎక్కడా లేవు. మర్నాడు మూడో బెంచీలో ఒక అమ్మాయిని లేపి, రాము ఎక్కడుంటాడమ్మా అని అడిగాను. గైడులో ఉంటాడు టీచర్ అన్నది. తరగతిలో ఎవరూ నవ్వలేదు, వాళ్లకు అందులో వింతేమీ కనిపించలేదు. ఆ రోజు పుస్తకాలు మూయించి, పక్కన కూర్చున్న వాళ్ల గురించి ఐదు వాక్యాలు రాయమన్నాను. తెలియని మాట వస్తే తెలుగులోనే రాసెయ్యమన్నాను. పీరియడంతా గడిచినా చాలామంది రెండు వాక్యాలు దాటలేదు. ఆ అమ్మాయి మాత్రం, తన పక్కనున్న పిల్ల తెల్లవారకముందే వాళ్లమ్మతో మోండా మార్కెట్‌కు వెళ్లి పెద్ద కొత్తిమీర మోపు విప్పి చిన్న కట్టలు కడుతుందనీ, మొదటి పీరియడ్ అయ్యేదాకా ఆ వేళ్ల నుంచి కొత్తిమీర వాసన పోదనీ రాసింది. కొత్తిమీర తెలుగు అక్షరాల్లో ఉంది. ఆర్టికల్ ఒక్కటీ లేదు, క్రియలు మన భాషలో లాగా వాక్యాల చివరకు చేరాయి, 'గోయింగ్' ముందు 'ఈజ్' లేదు. నేను దాన్ని తరగతికి చదివి వినిపించాను. ఆ వారం నుంచి అటువంటి వాక్యాలు కొన్నింటిని, ఎవరివో చెప్పకుండా, బోర్డు మీద వేసి పిల్లల చేతనే దిద్దించేదాన్ని. ఒక వారం ఈజ్, ఆర్ మాత్రమే. మరో వారం భూతకాలం మాత్రమే. మిగిలిన తప్పులు ఎన్ని కనిపించినా ముట్టుకునేదాన్ని కాదు. సంక్రాంతి తర్వాత తనిఖీకి వచ్చిన అధికారి సిలబస్ రెండు యూనిట్లు వెనకబడిందని రాసి వెళ్లారు. ఆ రాత్రి నేను అన్నం తినలేదని నాన్నగారు ఇప్పటికీ చెబుతారు. వార్షిక పరీక్షలో మాత్రం రాము ఒక్క పేపరులోనూ కనిపించలేదు.

అందుకని నీ ప్రణాళికలో సగం గడులు కొట్టేసి కొన్నింటినే గట్టిగా పట్టుకో. మార్చి నాటికి ప్రతి పిల్లా లేచి నిలబడి, తన ఇంటి గురించో ఊరి గురించో గైడులో లేని ఐదారు వాక్యాలు చెప్పాలి. నువ్వు రెండుసార్లు చదివి వినిపించిన చిన్న పేరాలో ఎవరు, ఎక్కడ, ఎందుకు అన్నవి చెప్పాలి. ఎన్నడూ చూడని పేరాను తనంతట తాను చదివి, తెలియని మాట ఎదురైతే ముందువెనకల మాటలను బట్టి ఊహించి, ఆ తర్వాతే నిఘంటువు తెరవాలి. రాతలో ఈ ఏడాదికి డైరీ, సంభాషణ, ఉత్తరం చాలు. ఉత్తరమంటే సెలవు చీటీ ఒక్కటే కాదు, ఊరి పంచాయతీకి బోరింగు గురించి రాయించు, నిజంగా పంపించు. వ్యాకరణాన్ని వేరే పీరియడ్‌గా పెట్టకు, వాళ్ల రాతల్లోంచే తీసుకో. అన్నింటికన్నా ముందు వినిపించు. తార్నాకలో ఇప్పుడు ఇఫ్లూ అంటున్న ఇంగ్లీషు, విదేశీ భాషల సంస్థ సీఫెల్‌లో మాకు శిక్షణ ఇచ్చినప్పుడు, చెవికి పట్టని భాష నోటికి రాదని మొదటిరోజే చెప్పారు. నా అనుభవంలోనూ అదే నిజమైంది.

వినిపించమన్నానని గొంతు చించుకోకు. మొదటి ఏడాది టీచర్లందరూ చేసే పని అది. రాత్రి మిరియాల పాలు తాగు, సుద్దముక్కల పొడి ముక్కులోకి పోకుండా తడిగుడ్డతో బోర్డు తుడిపించు, నీళ్లు కాచుకునే తాగు. మధ్యాహ్నం డబ్బా తెచ్చుకోకుండా బిస్కెట్లతో సరిపెడుతున్నావని కూడా విన్నాను. ఇది చెప్పింది చిట్టి అత్తయ్య కాదు కనుక నమ్మవలసి వస్తోంది.

2024 అక్టోబరు 9న ఎల్బీ స్టేడియంలో వేలమందితో పాటు నియామక పత్రం అందుకుని నువ్వు బయటికి వచ్చినప్పుడు, ఆ కాగితం నలగకూడదని నాన్నగారు దాన్ని పేపరులో చుట్టి ఇంటిదాకా చేత్తోనే పట్టుకొచ్చారు. అలాగని ఆయన కోసం ఆ ఊళ్లో ఉండమని నేను అనను. నీకు నిజంగా వేరే పని మీద మనసుంటే కూర్చుని మాట్లాడుకుందాం. కానీ ఎనిమిదో తరగతి మొదటి పరీక్ష చూసి మాత్రం కాదు, కనీసం అర్ధ సంవత్సర పరీక్ష, అదే ఎస్ఏ-1 దాకా ఆగు. అప్పటికి ఆ కొత్త పిల్లలకు నీ గొంతు అలవాటవుతుంది.

బుధవారం సత్యం మామయ్య ఆ వైపు వస్తున్నాడు. కరివేపాకు కారం, రాగిపిండి, ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద ఏరిన ఆరు చిన్న నిఘంటువులు పంపుతున్నాను. నిఘంటువులు బీరువాలో పెట్టి తాళం వెయ్యకు, పిల్లల చేతికివ్వు. కొట్టేసిన ప్రణాళికను, వాళ్ల స్లిప్ టెస్టు పేపర్లలో నాలుగైదింటిని మామయ్య చేతికివ్వు, నేను చూస్తాను. వాటికన్నా ముందు, ఈ ఉత్తరం అందిన రోజు సాయంత్రమే ఫోన్ చేసి, అమీర్‌పేట సంగతి ఎంతవరకు నిజమో చెప్పు.

ఆశీస్సులతో,
అమ్మ