వియన్నా గుర్రాల ప్రదర్శన గురించి, మా పాత ప్యాసింజర్లకు

మే నెలలో మన వైజాగ్ నుంచి వెళ్లిన యూరప్ గ్రూపు వియన్నాలో స్పానిష్ రైడింగ్ స్కూల్ అనే పాత గుర్రపు స్వారీ బడిలో ప్రదర్శన చూడలేకపోయింది. ఊళ్లో తలో మాటా వినపడుతోంది కాబట్టి జరిగింది నేనే చెబుతున్నాను.

ప్రదర్శన టికెట్లకు డబ్బు ముందే పూర్తిగా కట్టాం. ఏజెంట్ పంపిన వోచర్లలోనూ ప్రదర్శన అనే ఉంది. తీరా గేటు దగ్గర చేతికొచ్చినవి పొద్దుటి సాధన టికెట్లు. ఫోన్ చేస్తే, "అదే హాలు, అవే గుర్రాలు, తేడా ఏముంది సార్?" అన్నాడు. తేడా ఎందుకు లేదు? సాధనలో గుర్రాలకు ఒళ్లు వేడెక్కించి, నేర్చిన అడుగుల్ని మళ్లీ మళ్లీ దిద్దిస్తారు. గుర్రం నేల విడిచి ఎగిరి వెనక కాళ్లు చాచి తన్నే కాప్రియోల్ ఆ పూట ఉంటుందన్న హామీ లేదు. నేను అందరికీ చెప్పి తీసుకెళ్లింది దాని గురించే.

అయినా లోపలికే తీసుకెళ్లాను. 1735లో ఆ హాలు కట్టించిన ఆరో చార్లెస్ చక్రవర్తి చిత్రపటానికి రౌతులు టోపీ తీసి వందనం చేస్తూ వచ్చారు. అక్కడివన్నీ లిపిజానర్ జాతి గుర్రాలు, నల్లగా పుట్టి ఏళ్ల మీద తెల్లబడతాయి. ఇంకా బూడిదరంగు వదలని ఒక కుర్ర గుర్రం మలుపు సరిగ్గా తిరగ్గానే, రౌతు కోటు వెనక జేబులోంచి పంచదార బిళ్ల తీసి నోట్లో పెట్టాడు. "రౌతు కొద్దీ గుర్రం అంటే ఇదే బాబూ" అని మా గ్రూపులో ఒక పెద్దావిడ అన్నారు. అదే రోజు ఇంకొకరు, "గుర్రాలు ఆర్కే బీచ్‌లోనూ ఉన్నాయి కదా, దీనికి ఇంత దూరమా?" అన్నారు. ఆ మాట మనసులోంచి పోవడం లేదు.

ఈ స్కూల్ ఉన్న హాఫ్‌బర్గ్ రాజభవనంలోనే సిసి మహారాణి మ్యూజియం కూడా ఉంది, అది మాత్రం అనుకున్నట్టే చూశాం.

వచ్చాక తేల్చుకోలేకపోయింది ఒకటే: ఈ స్కూల్‌ని టూర్లో ఉంచాలా, తీసేయాలా? ప్రదర్శనలు ఎక్కువగా శని, ఆదివారాల్లోనే. వేసవి మధ్యలో గుర్రాలకు సెలవు. వియన్నాకు ఆదివారం కావాలంటే టూర్లో దానికి ముందు ఆగే ప్రాగ్ శుక్ర, శనివారాల్లో పడుతుంది, అక్కడ హోటల్ రేట్లు ఆ రాత్రుళ్లే మండిపోతాయి. తీసేసి బయట ఫోటో స్టాప్ పెట్టమని ఇంట్లో వాళ్లే అన్నారు. లోపల ప్రదర్శనప్పుడు ఫోటోలు తీయనివ్వరు, జనానికి ఫోటోలే కావాలి అన్నారు. రాత్రుళ్లు నిద్ర లేకుండా లెక్కలు వేశాను. 1572 నాటికే స్పానిష్ పేరుతో రికార్డుకెక్కిన చోటు అది. అక్కడి స్వారీ విద్యను 2015లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. అలాంటి చోటికి తీసుకెళ్లి గోడ చూపించి రమ్మంటే నా వల్ల కాదు. తీయడం లేదు.

మే గ్రూపు వాళ్లకు ఆ టికెట్ సొమ్ము తేడా లెక్కలు లేకుండా మొత్తం ఇచ్చేస్తున్నాను. ఏజెంట్ ఇంకా పైసా తిరిగివ్వలేదు, అది నేను చూసుకుంటాను. అతనితో ఇక పని లేదు. టికెట్లు నేరుగా స్కూల్ దగ్గరే మేం కొంటాం, మీ సీటు నంబరు బయల్దేరక ముందే మీకు చూపిస్తాం.

సెప్టెంబర్ గ్రూపుకు ప్రాగ్ హోటల్ వల్ల మనిషికి కొంత పెరుగుతుంది. ఇష్టం లేనివాళ్లు ద్వారకా నగర్ ఆఫీసుకొస్తే అడ్వాన్సు మొత్తం తిరిగిచ్చేస్తాం, ఎందుకని కూడా అడగం. వియన్నా ఆదివారం మాత్రం మారదు.