పుట్ ఆఫ్ వేరు, కాల్ ఆఫ్ వేరు
అందరికీ ఒక మాట, ఇంగ్లీషు ఫ్రేజల్ వెర్బ్స్‌ని (క్రియకి అప్, ఆఫ్ లాంటి చిన్న మాట చేరి వేరే అర్థమిచ్చేవి) ముక్కలు చేసి అర్థం వెతక్కండి. గివ్ అంటే ఇవ్వడం, అప్ అంటే పైకి అని కూడితే గివ్ అప్ ఎప్పటికీ అర్థం కాదు, అది మానేయడం, చేతులెత్తేయడం. మొన్న మీటింగ్ పుట్ ఆఫ్ అయిందన్న మెయిల్ చూసి రద్దయిందనుకుని నేను హాయిగా ఊరుకున్నా, తీరా అది వాయిదా మాత్రమే (పరువు పోయిందనుకోండి). రద్దుకి కాల్ ఆఫ్ అనాలి.

అసలు తిరకాసు ఇట్ అన్న మాటని ఎక్కడ పెట్టాలన్న దగ్గర. డిక్షనరీలో వెతకడాన్ని లుక్ అప్ అంటాం కదా, 'లుక్ ఇట్ అప్' అనాలి, 'లుక్ అప్ ఇట్' తప్పు. బాగోగులు చూసుకోవడం అనే లుక్ ఆఫ్టర్ మాత్రం విడిపోదు, 'లుక్ ఆఫ్టర్ ఇట్' అనే అంటాం. టేక్ ఆఫ్‌కి విమానం ఎగరడం, బూట్లు విప్పడం రెండూ అర్థాలే, సందర్భాన్ని బట్టి తెలుస్తుంది. పుట్ ఆఫ్‌తో తలా ఒక వాక్యం రాసి ఇక్కడే పెట్టండి, రాత్రికి చూస్తా.